చిక్కిపోయిన అక్షరం

పదిహేను రోజులకోసారి
పుస్తకాల పడవ మా దీవికి వస్తుంది.
వానలోనే వస్తుంది. చిలోయేలో వానకి వేరే రోజంటూ లేదు.
నివాల్దో గుంజకి తాడు బిగించి
"వంటల పుస్తకాలు కొత్తవొచ్చాయి, ఒర్తెన్సియా" అంటాడు.
చేతులు వణకడం గురించి ఏమైనా ఉందా అని అడిగాను,
గొంతు తగ్గించి, అడగకూడనిది అడిగినట్టు.

నరాల జబ్బుల మీద ఒకటుంది.
ఉప్పుగాలికి అట్ట ఉబ్బింది, వీపున గుడ్డపట్టీ.
పట్నం డాక్టరు పార్కిన్సన్ అన్నాడు.
ఆ మాట కాగితం మీద రాసి, మడిచి,
నాలుగు నిమిషాల్లో మమ్మల్ని రేవుకి పంపేశాడు.
ఇల్లు చేరేదాకా ఎలియోదోరో ఆ కాగితాన్ని
ఎవరో దాచమన్న సొమ్ములా
జేబులో పట్టుకునే ఉన్నాడు.

పొయ్యి పక్కన కూర్చుని చదివాను.
నా చదువు ఆరేళ్ళ బడి.
డోపమైన్ అన్న మాట దగ్గర మూడు రాత్రులు ఆగిపోయి
చివరికి చేపముల్లులా దాన్ని వాక్యంలోంచి తీసి
పక్కన పెట్టి, మిగతాది తిన్నాను.

నలభై రెండో పేజీ: "వాసన పట్టే శక్తి ముందే పోవచ్చు."
పోయినేడు కుళ్ళిన ఆల్చిప్పల బుట్టని
బాగున్నాయంటూ అమ్మాడు.
సిగ్గులేదా అన్నాను, రేవులో అందరి ముందూ.
నలభై ఏడో పేజీ: "ముఖంలో కదలిక తగ్గుతుంది."
మనవరాలి జ్ఞానస్నానం నాడు ఆయన నవ్వలేదు.
కోడలు ఏడ్చింది.
ఆ రాత్రి నేను వేరే గదిలో పడుకున్నాను.

పుస్తకం నన్నేమీ అనలేదు.
అందుకే ఎక్కువ తగిలింది.

ముందే ఇంకెవరో చదివారు దీన్ని.
అంచుల్లో పెన్సిల్ రాతలు.
మొదట్లో పెద్దగా, గుండ్రంగా:
"నిజం." "డాక్టరు ఇది చెప్పలేదు." "మలబద్ధకం కూడానా, దేవుడా!"
సగానికొచ్చేసరికి బఠాణీ గింజంత,
ఆపైన ఆవగింజంత,
ఆపైన చీమలబారు.
పెన్సిల్ అరిగిందనుకున్నాను.
దీపం తగ్గిందనుకున్నాను.

తొంభై ఒకటో పేజీలో అచ్చులో ఉంది:
"ఈ జబ్బులో చేతిరాత రానురాను చిన్నదవుతుంది.
చాలాసార్లు రాసేవారు గమనించరు."
దాని పక్కన ఏమీ రాసి లేదు.
ఒక గీత మాత్రం, సగంలో ఆగి.

లేచి వెళ్ళి ఆల్చిప్పల లెక్కల పుస్తకం తెచ్చాను.
మూడేళ్ళ కిందటి మార్చి: ఆయన అంకెలు దూడల్లా గెంతుతున్నాయి.
పోయిన మార్చి: కళ్ళద్దాలు పెట్టుకున్నా
తొమ్మిదో ఏడో తెలియదు.
"సిరా దగ్గర ఇంత పిసినారితనమా" అని దెప్పాను ఆరోజు.
తల ఎత్తలేదాయన. కూడికలోనే ఉన్నాడు.

రెండు రాతల్నీ పక్కపక్కన పెట్టి చూశాను.
పేరు తెలియని ఒక మనిషి, నా మొగుడు,
ఒకరి వెనక ఒకరు
దూరమయ్యే పడవల్లా చిన్నవవుతూ.

చివరి పేజీ రాతకి
వలలు బాగుచేసే భూతద్దం కావలసొచ్చింది.
"కాలు నేలకి అంటుకుపోతే
ఎవరినైనా దరువెయ్యమనండి.
దరువు వింటే నాకు అడుగు పడుతోంది."

ఇవాళ పడవ రోజు.
గుమ్మంలో ఆగిపోయాడు,
బూట్లని పలకకి మేకులేసి కొట్టినట్టు.
గరిటె తీసి
బంగాళాదుంపల గిన్నె మీద కొట్టాను.
టక్. టక్.
కుడికాలు లేచింది.
పక్కింటి రొసామెల్ కిటికీ తెరిచి చూసి
నాకు పిచ్చెక్కిందనుకుని మూసేసింది.
రేవుదాకా గిన్నె మోగించుకుంటూనే వెళ్ళాం.

ఎవరు రాశారని నివాల్దోని అడిగాను.
పదకొండు దీవులు తిరుగుతుంది, ఏం చెప్పను అన్నాడు.
రబ్బరుంది, చెరిపేద్దామా అన్నాడు.
పుస్తకాన్ని చంకలోకి లాక్కుని
ఇంకో పదిహేను రోజులకి రాయమన్నాను.
సంతకం ఆయన్నే పెట్టమన్నాను,
కార్డు మీద వెడల్పుగా రెండు గీతలు గీసిచ్చి.

నివాల్దో వేరే వైపు చూస్తూ నిలబడ్డాడు.
వాన పడుతూనే ఉంది.
ఎలియోదోరో రాశాడు, నాలిక పళ్ళ మధ్య పెట్టి, చాలాసేపు.
చివరి సున్నా పై గీత దాటి
బయటికొచ్చేసింది.